కోడి కింద పెట్టిన పురుగు గుడ్లు

నేను ఏడో తరగతిలోనే బడి మానేశాను. నా చేతుల్లోంచి ఆ బడి తప్పించుకుంది గానీ, మా అక్క బిడ్డ శిరీషకు ఆ అదృష్టం లేకపోయింది. ఆమె ఉద్యోగానికి నేను పొగ పెట్టిన సంగతి చెబుతాను, వినండి.

నల్గొండలో ఒక కాలేజీలో లెక్చరర్ కొలువు. పాఠం చెప్పి మెప్పిస్తేనే దక్కేది. శిరీష హైదరాబాద్ నుంచి పాఠంలో చూపించడానికి పురుగుల గుడ్లు పట్టుకొని వస్తూ, దారిలో నార్కట్‌పల్లిలో మా ఇంట్లో భోజనానికి ఆగింది. ఆ పురుగులే నూలుపోగంత. ఇక గుడ్లు కంటికి ఆనితే ఒట్టు! చిన్న చిన్న పళ్లేల్లో వేసి, ఐసు డబ్బాలో పెట్టింది.

“మామా, ఇవి చల్లగనే ఉండాలె. ముట్టకు.”

గుడ్లట, చల్లగా ఉండాలట! పదేళ్లుగా కోళ్లను పొదిగిస్తున్నవాణ్ని నేను. ఆమె అన్నం తింటుంటే, పళ్లేలన్నీ గంపలో పొదుగుతున్న పెట్ట కిందికి తోశాను. అది నన్ను అనుమానంగా చూసి, చుట్టాల పిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకున్నట్టు సర్దుకుంది. జాగా చాలక ఒక్క పళ్లెం ఐసులోనే మిగిలింది. ఆమె చేయి కడిగేలోపు అన్నీ డబ్బాలో చేర్చేసి, బండి మీద నేనే దింపాను.

కాలేజీలో నేనూ వెనక బెంచీలో కూర్చున్నాను. మైక్రోస్కోపు కింద పెడితే, తెర మీద గుడ్డు పుచ్చకాయంత కనిపించింది. “ఇప్పుడిది రెండవుతుంది” అంది శిరీష. అది కాలేదు. ఇంకోటి పెట్టింది. అదీ అంతే.

“రెండయితదంటివి గదమ్మా?” అన్నాడు ప్రిన్సిపాల్.

శిరీష వెనక్కి తిరిగింది. “మామా, డబ్బ తీసినవా?”

“పిల్లలు సలికి వణుకుతయని జర కోడి కింద వెట్టిన బిడ్డా. ఒకటే ఐసుల ఉండె.”

హాలు గొల్లుమంది. శిరీష మాత్రం ఆ ఒక్క పళ్లెం తీసి పెట్టింది. గుడ్డు చక్కగా రెండయింది!

“చూడండి” అంది పిల్లలతో. “తండ్రి కణం తెచ్చిన చిన్న గింజ రెండవుతుంది. ఒక్కో దాని చుట్టూ ప్రొటీన్లు పోగైతే సెంట్రోసోమ్. రెండు కొసల నుంచి దారాలు వచ్చి క్రోమోజోములను చెరో వైపు గుంజుతాయి. ఈ రకం పురుగుల్లో అలా పోగుచేసే ఒక ప్రొటీన్ బలహీనం. వేడి తగిలితే ఏమీ పోగవదు, గుంజే దిక్కుండదు. మా మామ దయవల్ల అయ్యేదీ, కానిదీ రెండూ చూశారు.”

కొలువు వచ్చింది. ఇక ఈ జన్మలో చదువుకున్నవాళ్ల గుడ్ల జోలికి పోనని, పెట్ట మీద చెయ్యేసి ప్రమాణం చేశాను. చేసి ఊరుకోవచ్చుగా? “ఎంతన్న నా వల్లనే వచ్చింది గద బిడ్డా!” అన్నాను.

“వేడి తగిలి ఆ గుడ్ల ఏం పోగుకాలే మామా,” అంది శిరీష. “మరి నీ తలకాయకు ఏం తగిలింది?”