ఏలగిరిలో విసిరిన రాయి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. దానికి తోడు గురి. వేప్పనపల్లి పక్కన మా మామిడి తోటలో కోతి కనబడితే చాలు, వడిసెలలో రాయి పెట్టి మూడు చుట్లు తిప్పి వదిలేవాడిని. తప్పేది కాదు. మా అమ్మాయి లంగా ఒడిలో రాళ్లు ఏరుకొచ్చి అందించేది. "మా నాయన యాడ చూస్తే రాయి ఆడికే పోతాది" అని బడిలో అందరికీ చెప్పేది. ఆ మాటకు పొంగిపోయేవాడిని, దాచడమెందుకు.

ఆ ఏడు కాయ దింపడం అయిపోయాక అమ్మాయి ఏలగిరి చూడాలని పట్టుబట్టింది. పెళ్లయ్యాక నేనూ నా భార్యా సరదాగా ఊరు దాటింది లేదు. ముగ్గురం బస్సులు మారి, పద్నాలుగు మలుపులు తిరిగి కొండెక్కాం. మలుపు వచ్చినప్పుడల్లా నా భార్య కళ్లు మూసుకుంది, అమ్మాయి మాత్రం కిటికీ వదల్లేదు. పైన చల్లగాలి, కింద మంచులో ఊళ్లు. లోయ చూసే గట్టు దగ్గర అమ్మాయికి ఉడికించిన మొక్కజొన్న కంకి కొనిచ్చాను. రెండు గింజలు తిన్నదో లేదో, ఒక మగకోతి ఆమె చెంప మీద ఒకటిచ్చి కంకి లాక్కుపోయింది.

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. అమ్మాయి కూడా నవ్వింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. కోతుల్ని తరమడంలో నన్ను మించినవాడు లేడనుకునే నా కళ్లముందే నా బిడ్డను కొడుతుందా? భుజం మీది తువ్వాలు తీసి వడిసెలలా మడిచాను. గట్టు కింద నిమ్మకాయంత రాయి దొరికింది.

"వద్దయ్యా, ఈడ జనముండారు" అంటూ నా భార్య చెయ్యి పట్టుకుంది. విదిలించుకున్నాను.

తోటలో కోతి కొమ్మ మీద ఉంటుంది, దాని వెనక ఉండేది ఆకాశమే. ఈ కోతి మెట్ల పక్క పిట్టగోడ మీద కూర్చుంది. ఆ మెట్లెక్కి మనుషులొస్తారని నా బుర్రకు తట్టలేదు. మూడు చుట్లు తిప్పి వదిలాను. కోతి తల వంచింది. గోడ వెనక నుంచి ఒక ఆడపిల్ల కేక వినబడింది.

ఏం జరిగిందో తెలిసేలోపే ఒకాయన పరుగెత్తుకొచ్చి నా గొంతు పట్టాడు. "ఎవుడ్రా రాయేసింది? నువ్వేనా?" మా తెలుగే, హోసూరు వైపు యాస. ఎవడైనా నా మీద చెయ్యేస్తే ఊరుకోవడం నాకు చేతకాదు. చూడకుండానే నోటి మీద గుద్దాను. ఆయన పన్ను ఊడి నా కాళ్ల దగ్గర పడింది. అప్పుడు కనబడింది, ఆయన వెనక మెట్ల మీద కూర్చున్న పిల్ల. మా అమ్మాయి ఈడుదే. రెండు చేతులతో కన్ను మూసుకుంది, వేళ్ల సందుల్లోంచి నెత్తురు మోచేతుల దాకా కారుతోంది. "నాయనా, కన్ను కనబళ్లేదు" అని ఏడుస్తోంది. నేను పన్ను రాలగొట్టింది ఆ పిల్ల తండ్రికే.

నా చేతులు వాలిపోయాయి. ఆయన, ఆయన తమ్ముళ్లిద్దరు నన్ను కింద పడేసి తన్నారు. పక్కటెముక విరిగిన చప్పుడు నాకే వినబడింది. నా భార్య అడ్డం పడితే ఆమె వీపుకూ రెండు తగిలాయి. మా అమ్మాయి గోడకు అతుక్కుని అరుస్తోంది. తన్నులనైనా ఓర్చుకున్నాను గానీ, ఆ అరుపు ఓర్చుకోలేకపోయాను.

పారిపోకుండా నన్నూ, నాతో పాటు నా భార్యనూ అమ్మాయినీ వాళ్ల వ్యాన్‌లోనే ఎక్కించుకుని ఆసుపత్రికి దిగారు. పద్నాలుగు మలుపులూ ఆ పిల్ల కన్ను దక్కాలని మొక్కుకుంటూనే ఉన్నాను. కుట్లు వేసి బయటికొచ్చిన డాక్టరమ్మ, దెబ్బ కంటికి వేలెడు కింద తగిలిందని, చూపుకేమీ కాదని చెప్పింది. నేను నేల మీద కూలబడి ఏడ్చాను. ఆ తండ్రి నోటికి గుడ్డ అదుముకుని నా ముందు నిలబడ్డాడు.

"కన్ను పోయింటే నిన్ను ఆ కొండ మింద నుంచే తోసేసుంటిని."

"తోసినా తప్పులేదన్నా."

"నీకూ ఆడబిడ్డ ఉండాది. పో, నా కండ్ల ముందర నిలబడొద్దు."

మరుసటి ఏడు కాపు బాగా వచ్చింది. తోటలో కోతులు దిగాయని నా భార్య కేకేస్తే, అలవాటుగా కొక్కేనికి వేలాడే వడిసెల అందుకుని పరుగెత్తాను. "తల్లీ, రాళ్లు తే" అన్నాను. తిరిగి చూస్తే అమ్మాయి చెట్టు మొదట్లో కూర్చుని ఉంది. నా చెయ్యి పైకి లేవగానే రెండు అరచేతులతో కన్ను మూసుకుంది.

కోతులు మా ఎదురుగానే కాయలు కొరికి పారేస్తున్నాయి. వడిసెల కింద పడేసి అమ్మాయి దగ్గరికి పోయి కూర్చున్నాను.

"పారేసినాను తల్లీ, చూడు" అన్నాను.

చాలాసేపటిదాకా చేతులు తీయలేదు.