సుగుణమ్మ మేడం ఇంటి నల్ల స్విచ్చు

గత ఆదివారం ఉదయం మా పాఠశాల తెలుగు మాస్టారు ఫోను చేశారు. "సుగుణమ్మ మేడం పోయినారంటమ్మా. గుండె ఆగిపోయిందంట" అన్నారు. ముందురోజు సాయంత్రమే బస్సులో నా పక్కన కూర్చుని వేరుశనక్కాయలు ఒలిచి నా చేతిలో పోసిన మనిషి! ఆ ఆకస్మిక నిష్క్రమణాన్ని నా మనసు ఇప్పటికీ అంగీకరించడం లేదు.

నంద్యాలలో ఆమె భౌతికశాస్త్రం చెప్పేవారు, నేను లెక్కలు. సాయంత్రం ప్రత్యేక తరగతులు ముగించుకుని ఇద్దరం ఆళ్లగడ్డ బస్సెక్కేవాళ్లం. నేను దారిలో శిరివెళ్లలో దిగిపోయేదాన్ని. ఆమె ఇల్లు ఆళ్లగడ్డలో. బోధనలో ఆమెది నిరాడంబరమైన నిష్ఠ. పాడైన స్విచ్చును విప్పి పిల్లల చేతికిచ్చి, "చూసింది మర్చిపోతారు రా, పట్టుకున్నది మర్చిపోరు" అనేవారు.

ఆమె భర్త దేవదానం గారికి నీటికాసుల వ్యాధితో కొన్నేళ్ల క్రితమే చూపు పూర్తిగా పోయింది. అయినా మసీదులో సాయంత్రం నమాజుకు పిలిచే బాంగు వినబడగానే గోడ తడుముకుంటూ వెళ్లి వరండా లైటు వేసేవారు. ఆ వెలుగు ఆయనకు అక్కరలేదు. ఇంటికొచ్చే భార్య చీకట్లో గేటు తీయకూడదని ఆయన తాపత్రయం.

మేడం తమ్ముడు ప్రకాశం, బావ సుఖం కోరి, నిరుడు ఇంట్లో కొత్త ఏర్పాట్లు చేయించాడు. పాత నల్ల స్విచ్చులు తీసేసి, తాకితే పనిచేసే నున్నటి గాజు పలకలు పెట్టించాడు. చెప్పిన మాట విని లైట్లు వేసే పెట్టె ఒకటి తెచ్చాడు. ఫోన్లోంచి కూడా లైట్లు వేసి ఆర్పే వీలు పెట్టాడు. ఆ పెట్టెతో భర్త పడే పోరును మేడం బస్సులో అభినయించి చెప్పేవారు. "'లైటెయ్' అంటే అది పాట ఏస్తాంది. ఈయన తిడతాండాడు, అది ఇంకో పాట ఏస్తాంది!"

ఆ నవ్వు వెనకున్న వేదన నాకు తర్వాత తెలిసింది. ఒకనాడు ఆమె గేటు దగ్గరకు వచ్చేసరికి వరండా లైటు వెలిగింది, ఆరింది, మళ్లీ వెలిగింది, ఆరింది. లోపల దేవదానం గారు గాజు పలకను నిమురుతూ నిలబడి ఉన్నారు. ఎన్నిసార్లు తాకినా లైటు వెలిగిందో ఆరిందో ఆయన వేలికి తెలియడం లేదు. అడుగుల చప్పుడు విని, "వెలిగిందా సుగుణా?" అని అడిగారట. "ఆ మనిషికి ఇంట్లో ఉన్న ఒక్క పని కూడా తీసేసినాం" అంటూ మేడం నా ముందు కళ్లు తుడుచుకున్నారు.

మరుసటి సెలవు రోజే అటక మీది పాత స్విచ్చులు దించారు. ప్రకాశం వారించాడు. "అక్కా, పాత స్విచ్చుకూ ఫోనుకూ కుదర్దు. ఫోన్లో ఆర్పినా స్విచ్చు కిందికే ఉంటాది. బావ ఇంకా తికమక పడతాడు."

"అట్లయితే వరండా లైటును ఫోను ఆర్పకుండా చెయ్యి. ఫోను చూసేదానికే ఉండనీ. ఏసేదీ ఆర్పేదీ మీ బావ చెయ్యే."

స్విచ్చు వెనక అగ్గిపెట్టెంత పరికరం అమర్చి, అక్కాతమ్ముళ్లు పగలంతా కూర్చుని దాన్ని దారికి తెచ్చారు. కిందికి నొక్కితే వెలుగు, పైకి లేపితే చీకటి. టక్కుమన్న శబ్దం వినగానే దేవదానం గారు పసివాడిలా నవ్వారట.

అప్పటినుంచి మేడం బస్సులో ఫోను ఒళ్లో పెట్టుకునే కూర్చునేవారు. పొద్దు గూకే వేళ తెరమీది దీపం బొమ్మ పసుపురంగుకు మారేది. "మా ఇంటాయన లేసినాడు" అని మురిసిపోయేవారు. ఈ సంగతి ఆయనకు తెలుసా అని ఒకసారి అడిగాను. "చెప్పలేదు. చెప్తే మధ్యాన్నం నుంచే గోడకాడ నిలబడతాడు" అన్నారు.

ఖననం ముగిశాక దేవదానం గారి పక్కన కూర్చున్నాను. "అమ్మా, మీరు దినామూ ఒకే బస్సులో వస్తాంటిరి గదా. ఏం మాట్లాడేది ఆమె?" అని అడిగారు. ఇక దాచలేక అంతా చెప్పాను.

"దావలోనే చూసేదా?"

"అవునన్నా. బస్సులో కూర్చున్నప్పట్నుంచి లైటు పడేదాకా ఫోను పక్కన పెట్టేది కాదు."

"నాకు తెల్లేదే" అన్నారాయన. "తెలిసింటే ఇంకా బేగా, పొద్దుండంగానే ఏసుంటి గదమ్మా."

ఆయన చేతిని నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను. మీరు లేని లోటు తీర్చే శక్తి ఎవరికీ లేదు మేడం. మీరు దాచిన మాట ఆయనకు చేర్చాను, మీకు నేను అర్పించగలిగిన నివాళి అదొక్కటే.