మరకలున్న అద్దాలే కావాలి

క్యారీ ఊళ్ళో స్థిరపడ్డ తెలుగువాళ్ళ మధ్య ఇంటి అలంకరణ మాట వస్తే గిరిజ పేరు రాక తప్పదు. ఆవిడ ఇంటి గుమ్మానికి ఎదురుగా, బంగారు పూత వెలిసిన చట్రంలో నిలువెత్తు అద్దం ఒకటి. హాలు మలుపులో కోలగా ఉన్నది ఇంకొకటి. వంటింట్లో స్టవ్ పక్క గోడకి పలకంత చిన్నది మరొకటి. అన్నీ ఏనాటివో పాతవి. వెనక పూత లేచిపోయి, అంచుల్లో నల్లమచ్చలు దిగి, మధ్యలో పొగ పట్టినట్టుంటాయి. మొదట్లో చూసిన ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. దీన్ని వింటేజ్ లుక్ అంటారని ఎవరో చెప్పాక, ఆ వేలు తీసి ఫోన్లతో ఫోటోలు తీసుకున్నారు. మనవాళ్ళకి ఎంత పిచ్చికైనా ఒక ఇంగ్లీషు పేరుంటే చాలు, టేస్ట్ అయిపోతుంది.

అడిగినవాళ్ళకి గిరిజ సలహాలూ చెప్పేది. కిటికీకి ఎదురుగోడకి తగిలిస్తే గదిలో వెలుగు పెరుగుతుందని, పాత చట్రానికి కొత్త రంగు వేస్తే దాని అందం పోతుందని, బరువైన అద్దమైతే గోడలోపల చెక్క ఎక్కడుందో చూసుకుని మేకు కొట్టాలని. చెబుతున్నంతసేపూ ఆవిడ కళ్ళు మాత్రం ఎదుటివాళ్ళ మీద నిలిచేవి కావు. వాళ్ళ భుజం మీదుగా ఏదో ఒక అద్దంలోకి జారిపోయేవి. కాలుగాలిన పిల్లిలా ఆ గదిలోంచి ఈ గదిలోకి తిరుగుతూనే ఉండేది. అరవై దాటాక ఈవిడకి అద్దం మోజేమిటని కొందరు చాటున నవ్వుకున్నారు.

మోజు కాదు, భయం. గిరిజ భర్త రాజారావుకి మతిమరుపు జబ్బు. మందుల కంపెనీలో కెమిస్టుగా పనిచేసి రిటైరైన మనిషి, తెలుగు సంఘం సభల్లో పుస్తకం చూడకుండా పద్యాలు చదివి చప్పట్లు కొట్టించుకున్న మనిషి. మొదట తాళంచెవులు మర్చిపోయాడు, తర్వాత దారులు, తర్వాత పేర్లు. చివరికి తన ముఖమే మర్చిపోయాడు. పోయిన చలికాలం, అప్పటికి హాల్లో ఉన్న కొత్త అద్దంలో తనని తాను చూసుకుని, ఎవడో ముసలాడు ఇంట్లో దూరాడనుకుని, తలుపు తీసి పరుగెత్తాడు. కాళ్ళకి చెప్పుల్లేవు, ఒంటిమీద కోటు లేదు. పెద్దరోడ్డు మధ్యలో కార్లన్నీ ఆగి హారన్లు కొడుతుంటే, పోలీసు ఒకతను చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చాడు. ఆయన తలుపు తీసినప్పుడు గిరిజ పప్పుకి తాలింపు వేస్తోంది. ఆ వంటింట్లోంచి వీధి తలుపు కనపడదు. కనపడి ఉంటే ఆయన వెళ్ళేవాడు కాదని, తప్పంతా తనదేనని ఆవిడ నమ్మకం.

షామ్‌బర్గ్ అనే దూరపు ఊరి నుంచి కూతురు అదితి పరుగెత్తుకొచ్చింది. తలుపు దగ్గర కెమెరా బిగించింది. అది ఉడత పోయినా మోగేది, పార్సిల్ వచ్చినా మోగేది, సరిగ్గా గిరిజ చేతులు చపాతీ పిండిలో ఉన్నప్పుడే మోగేది. తలుపుకి పైన ఇంకో గడియ పెట్టారు. రాజారావు ఆ గడియ కింద నిలబడి, ఇంటికి వెళ్ళనివ్వరేమని వెక్కివెక్కి ఏడ్చాడు. గిరిజ స్క్రూడ్రైవర్ తెచ్చి తన చేత్తోనే దాన్ని ఊడబీకింది. డాక్టరు చెప్పినట్టు అద్దాలన్నిటికీ దుప్పట్లు కప్పింది. కానీ తలుపు సంగతి తేలలేదు.

"అమ్మా, ఇది ఒక్కదానివే చెయ్యలేవు నువ్వు. నాన్నని మెమరీ కేర్ హోమ్‌లో చేర్చడం వద్దంటున్నావ్, ఓకే. కనీసం హెల్ప్ పెట్టుకో. రేణు ఆంటీకైనా చెప్పు," అంది అదితి.

"మీ నాన్నకి పిచ్చెత్తిందని ఊరంతా చెప్పుకోవాలా?" అని గిరిజ ఆ మాట అక్కడితో తెంచేసింది. ఎవరైనా అడిగితే ఆయనకి కాస్త బీపీ, పైన పడుకున్నారు అనేది. ఆయన పద్యాలు విన్న చెవులు ఆయన ఏడుపు వినకూడదని ఆవిడ పంతం.

అదితి ఇంకా ఇంట్లో ఉండగానే, వీధి చివర ఉండే రేణు వచ్చి గిరిజని బలవంతాన ఒక ఎస్టేట్ సేల్‌కి లాక్కుపోయింది. ఎవరో పెద్దావిడ పోతే, ఆవిడ ఇంట్లో సామానంతా ధర చీటీలు కట్టి అమ్ముతున్నారు. రేణు పింగాణీ కప్పులు ఏరుకుంటుంటే గిరిజ ఒక మూల పాత నిలువుటద్దం ముందు ఆగిపోయింది. అందులో ఆకుపచ్చ స్వెటర్ కనిపించింది, ఆ స్వెటర్ వేసుకున్నదెవరో కనిపించలేదు. ఆవిడకి ప్రాణం లేచి వచ్చింది. మనిషి కదిలితే తెలిసే అద్దం, ముఖం చూపించి భయపెట్టని అద్దం! బేరం కూడా ఆడకుండా కొనేసింది.

గుమ్మానికి ఎదురుగా తగిలించాక, రాజారావు దాని ముందు నించి నడిచాడు, ఒకసారి చూశాడు, వెళ్ళి సోఫాలో కూర్చున్నాడు. అంతే, గిరిజకి దారి దొరికింది. దొరికిన ప్రతి పాత సామాన్ల కొట్టూ ఫోన్లో గాలించి, మిగతా రెండూ సంపాదించింది. గోడల నిండా మేకుల చిల్లులు పడేదాకా అటు జరిపి ఇటు వంచి, చివరికి సాధించింది. స్టవ్ దగ్గర తలెత్తితే చిన్న అద్దంలో కోల అద్దం, కోల అద్దంలో నిలువుటద్దం, అందులో మసగ్గా వీధి తలుపు. కూర కలుపుతూ చూసేది, గిన్నె దించుతూ చూసేది. కంటికి విశ్రాంతన్నది పోయింది. తలుపు కనపడనప్పుడు ఉన్న భయం, కనపడ్డాక రెట్టింపయింది.

ఇలా ఉండగా రేణు తన కూతురు పూజిత హాఫ్ శారీ ఫంక్షన్ పెట్టుకుంది. పిల్ల కుర్చీ వెనక డెకరేషన్‌కి గిరిజక్క నిలువుటద్దం పెడితే ఫోటోలు అదిరిపోతాయంది. ఎందుకు ఇవ్వలేనో చెప్పాలంటే ఆయన సంగతంతా చెప్పాలి. అందుకని గిరిజ నోరు మూసుకుని ఇచ్చింది. అది తిరిగి వచ్చేదాకా ముందుగదిలోనే ఎలక్ట్రిక్ కుక్కర్ పెట్టుకుని, తలుపుకి ఎదురుగా కూర్చుని కూరలు తరిగింది.

ఫంక్షనయ్యాక, ఆదివారం మధ్యాహ్నం రేణూ వాళ్ళాయనా అద్దాన్ని దుప్పట్లో చుట్టి తెచ్చారు. దాన్ని పాత మేకులకే తగిలించి, రేణు మురిపెంగా దుప్పటి లాగింది. చట్రం పాతదే. లోపల అద్దం మాత్రం తళతళా మెరిసిపోతూ కొత్తది.

"మరకలున్న అద్దం గుమ్మానికి ఎదురుగా ఉండకూడదక్కా, దరిద్రం. అందుకే గ్లాస్ మార్పించాం. ఇది మా గిఫ్ట్," అంది.

పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టయింది. గిరిజ ఎలాగో థాంక్స్ చెప్పి, కాఫీ అయినా ఇవ్వకుండా వాళ్ళని సాగనంపింది. రేణు చిన్నబోయిన ముఖంతో కారు వైపు నడిచింది. గిరిజ దుప్పటి కోసం లోపలికి పరుగెత్తింది. మేడమీద నుంచి రాజారావు దిగి వస్తున్న అడుగుల చప్పుడు వినపడుతూనే ఉంది. బట్టల అలమరలో ఏది లాగితే అది ఊడిపడింది, కావలసింది దొరకలేదు. చేతికందిన పక్కదుప్పటితో తిరిగి వచ్చేసరికి, రాజారావు అద్దం ముందు నిలబడి ఉన్నాడు. వీధి తలుపుకి గడియ వేసి లేదు.

గిరిజ ఆయన వెనక ఆగిపోయింది. ముట్టుకుంటే బెదురుతాడేమో, పిలిస్తే పరుగెడతాడేమో. రోడ్డు, హారన్లు, చెప్పుల్లేని కాళ్ళు, అన్నీ కళ్ళముందు తిరిగాయి. రాజారావు అద్దంలో మనిషిని తేరిపార చూసి, చేతులు జోడించాడు. ఎదుటి మనిషి కూడా మర్యాదగా జోడించాడు.

"గిరిజా, ఎవరో వచ్చారు," అని పిలిచాడు, ఆవిడ ఎక్కడో వంటింట్లో ఉన్నట్టు.

"ఆఁ, వస్తున్నానండీ," అంది ఆవిడ, ఆయన వీపు వెనక నించి.

"పెద్దాయన బాగానే ఉన్నాడు. వెనకాల వాళ్ళావిడే, పాపం, పడిపోయేలా ఉంది. ఎన్నాళ్ళయిందో నిద్రపోయి," అన్నాడు. కాసేపు జాలిగా చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "ఆవిడకి ఎవరూ లేరా?"

చాలాకాలానికి గిరిజ తన ముఖం మరకల్లేకుండా చూసుకుంది. కళ్ళకింద నలుపు, తెల్లబడి రేగిన జుట్టు, గుండెలకి అదుముకున్న దుప్పటి. ఆవిడకి ఏడుపు తన్నుకొచ్చింది. ఆయన అడిగిన దానికి ఉన్నారని చెప్పాలో లేరని చెప్పాలో తెలియలేదు.

బయట కారు స్టార్టయింది. గిరిజ దుప్పటి కింద పడేసి, ఇన్నాళ్ళూ కాపలా కాసిన ఆ తలుపు తనే బార్లా తెరిచింది. ఒక చేత్తో ఆయన చెయ్యి పట్టుకుని గుమ్మంలోకి నడిచింది.

"రేణూ, కారు ఆపు. లోపలికి రా. ఈయన సంగతి నీకు చెప్పాలి."