సూదిని అడిగిన హేమో

ఇంగ్లండు తూర్పు తీరంలోని మా రేవు మఠంలో బ్రదర్ హేమోది కూరమడుల పని, నాది వంట. తాళ్లు పేనేవాళ్ల ఇంట పుట్టినా బూడిదరంగు అంగీ తొడిగి మాలో కలిశాడు. దేన్నీ ఊరికే నమ్మడు. ఉరిమితే పాలు విరుగుతాయని ఒకసారి నోరు జారాను. ఆ వేసవంతా ఉరిమినప్పుడల్లా గిన్నె పట్టుకుని వచ్చి నా ప్రాణం తీశాడు.

ఆ ఏడు ఈస్టరు ముందరి ఉపవాసాల్లో థర్‌స్టన్ చుక్కాని పట్టిన ఓడ ఇసుకదిబ్బ ఎక్కి పగిలింది. మనుషులు బతికారు. బయల్దేరేముందు థర్‌స్టన్ మా మఠంలో వెల్లుల్లి జావ తాగాడని విచారణలో తేలింది. వెల్లుల్లి తగిలితే సూదంటురాయి శక్తి చచ్చిపోతుందని, ఓడకు దారి చూపే సూది ఉత్తరం మరిచిపోతుందని మా మఠంలోని పెద్ద పుస్తకంలోనే ఉంది. అందుకే చుక్కాని పట్టేవాడు వెల్లుల్లి ముట్టకూడదని రేవులో కట్టడి. తప్పితే కుడిచెయ్యి తీసేస్తారు. ఆ జావ వడ్డించింది నేనే. వారం రోజులు నాకు ముద్ద దిగలేదు.

తీర్పు రోజు హేమో ఒక వెల్లుల్లి గడ్డ అడిగి తీసుకుని నాతో వచ్చాడు. సభలో రేవు పెద్ద వైమండ్ ముక్కు మూసుకుని, మఠంలో వంట చాలక ఇక్కడ పొయ్యి పెడతావా అని ఎగతాళి చేశాడు.

"పుస్తకం మాట విన్నాం కదయ్యా. సూదిని కూడా ఒక మాట అడుగుదాం," అన్నాడు హేమో.

రేవువాళ్ల సూదంటురాయికి సూదిని రుద్ది, గడ్డిపుల్లకు గుచ్చి నీళ్లగిన్నెలో వదిలాడు. అది ఉత్తరపు కిటికీ వైపు నిలిచింది. దాన్ని తీసి వెల్లుల్లితో బాగా రుద్ది మళ్లీ వదిలి, వేలితో తిప్పాడు. సూది గిరగిరా తిరిగింది, తడబడింది, కిటికీ వైపే ఆగింది. మూడుసార్లు చేసినా అంతే. చివరికి వైమండే దిగొచ్చి, ఒక రెబ్బ నమిలి గిన్నె మీద గట్టిగా ఊదాడు. సూది కాస్త ఊగి, మళ్లీ అక్కడికే వచ్చింది. థర్‌స్టన్‌కు కట్టిన కట్లు విప్పమన్నాడు.

తిరిగి వస్తూ, ముందే ఎక్కడైనా చేసి చూశావా అని అడిగాను.

"మనకు సూదంటురాయి ఎక్కడిది బ్రదర్? నేనూ ఇప్పుడే చూడటం."

"మరి సూది పక్కకు తిరిగుంటే?"

"పుస్తకమే నిజమని ఒప్పుకునేవాణ్ణి."

"థర్‌స్టన్ చెయ్యి పోయేది కదయ్యా."

"పోయేది," అన్నాడు హేమో. మిగిలిన వెల్లుల్లి గడ్డను నాకు తిరిగిచ్చి, మఠం చేరగానే మడుల వైపు కాక ప్రార్థన గదిలోకి వెళ్లి మోకరిల్లాడు.