పద్దెనిమిదో భాగం కింద కామెంట్లు

నలభై ఆరేళ్ళ వయసులో, ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేసే ఆడమనిషికి ముసుగు వేసుకుని గాల్లో ఎగిరే వీరుడి పిచ్చి ఉంటే ఇంట్లోవాళ్ళు ఏమంటారో నాకు బాగా తెలుసు. "ఏం, ఎగరలేని మొగుడు సరిపోలేదా?" అని మావారు ఇప్పటికీ అంటారు. ఆ వీరుడు నేను పుట్టించినవాడు కాదు. పరాయి దేశంలో ఎవరో పుట్టించారు, ఇంకెవరో సినిమాలు తీశారు, నేను అన్నీ చూశాను. చూసి ఊరుకోకుండా అతన్ని తెచ్చి విజయవాడలో దించి, నా ఇష్టమొచ్చినట్టు కథ అల్లడం మొదలుపెట్టాను. ఇలాంటి రాతని ఫ్యాన్ ఫిక్షన్ అంటారు. ఫోన్లో తెలుగు కథల యాప్ ఒకటుంది. అందులో కలం పేరుతో ప్రతి ఆదివారం పొద్దున ఒక భాగం పెట్టేదాన్ని.

నా కథలో అతను సినిమాల్లోలాగా అందర్నీ కాపాడేసే రకం కాదు. అలిసిపోయిన మనిషి. ఎవర్ని ఎత్తుకెళ్ళాలో, ఎవర్ని వదిలెయ్యాలో తేల్చుకుని, వదిలేసినవాళ్ళ మొహాలు తలుచుకుంటూ బతుకుతుంటాడు. "ఇంత చీకటి కథ ఎవరు చదువుతారండీ, పొద్దున్న లేస్తే పేపర్లో చదివేది చాలదా?" అని మొదటి భాగం కిందే ఒకాయన రాశారు. తెనాలిలో రిటైరైన బ్యాంకు ఆఫీసరట. ఆయనే తర్వాత ఒక్క భాగం కూడా వదలకుండా చదివారు. మెచ్చుకున్నవాళ్ళు మాత్రం చాలామంది మళ్ళీ కనిపించలేదు.

మెల్లగా జనం పోగయ్యారు. ఇడ్లీలు దించేలోపు కామెంట్లు మొదలయ్యేవి. "సూపర్ అక్కా", "నెక్స్ట్ పార్ట్ త్వరగా పెట్టండి ప్లీజ్", "వీడు మా సందులోకి వస్తే బావుణ్ణు, మోటారు కాలిపోయి మూడు రోజులైంది." గుడివాడ నుంచి ఒక పాస్టరు గారి భార్య చర్చి నుంచి రాగానే చదివి, తప్పకుండా రెండు ముక్కలు రాసేవారు. ఈ కథంతా నేను ఎందుకు మొదలుపెట్టానో వాళ్ళెవరికీ తెలియదు. మావారికీ తెలియదు.

బుడమేరు వాగు పొంగి మా కాలనీ మీదికి వచ్చిన ఏడాది మేం ఒక మేడింట్లో పైవాటాలో అద్దెకుండేవాళ్ళం. కింది వాటాలో ఇంటి ఓనరు గారు. బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు. భార్య పోయారు. ఒక్కతే కూతురు, మంగళగిరిలో ఉద్యోగం, అక్కడే హాస్టల్లో ఉండేది. మాస్టారికి షుగరు. రోజుకి రెండుసార్లు ఇన్సులిన్ పొడుచుకోవాలి. పొడుచుకున్నాక గోడ క్యాలెండర్లో ఆ తేదీ చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టేవారు. పొద్దున ఒకటి, సాయంత్రం దాని మీదే ఇంకొకటి.

ఒక తెల్లవారుజామున కింది వాటాలోకి నీళ్ళొచ్చాయి. మాస్టారు ఒక చేతిసంచీ, మందుల డబ్బా పట్టుకుని పైకొచ్చారు. "ఇది కాస్త మీ ఫ్రిజ్‌లో పెట్టమ్మా. కరెంటు లేకపోయినా లోపల కొంచెం చల్లగా ఉంటుంది" అన్నారు. పెట్టాను. ఆ రోజంతా మాతోనే ఉన్నారు. మర్నాడు పొద్దున మా వంటింట్లోనే ఇంజెక్షన్ చేసుకుని డబ్బా మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టించారు. కాసేపటికి పడవ వచ్చింది. ఇంకా ముగ్గురికే చోటుందన్నారు. మేం ముగ్గురం: మావారు, అత్తగారు, నేను. మావారు ఆగిపోయి మాస్టార్ని ఎక్కమంటే ఆయన ససేమిరా అన్నారు. "పెద్దావిడ దగ్గర మీరుండాలి. నేను తర్వాతి పడవలో వస్తా, ఎంతసేపండీ" అన్నారు. మేడ మీది మెట్లగదిలో కూర్చుంటానన్నారు. అలవాటు కొద్దీ నేను తలుపుకి తాళం వేశాను. వరదలో దొంగలు తిరుగుతున్నారని అప్పటికే అందరూ చెప్పుకుంటున్నారు. మాస్టారు పక్కనే నిలబడి, తాళం సరిగ్గా పడిందో లేదో ఒకసారి లాగి కూడా చూశారు. ఫ్రిజ్ సంగతి ఇద్దరికీ తట్టలేదు.

పడవ సందు చివరికి చేరుతుండగా నేను వెనక్కి తిరిగి చూశాను. మాస్టారు గబగబా పిట్టగోడ దగ్గరికి వచ్చారు. చెయ్యెత్తారు, నోరు తెరిచారు. అంతలోనే నోరు మూసుకుని, ఎత్తిన చేతిని దీవిస్తున్నట్టు ఊపారు. బయల్దేరినవాళ్ళని వెనక్కి పిలవకూడదని మా వైపు పట్టింపు, అందులోనూ నీళ్ళ మీద వెళ్ళేవాళ్ళని. ఆయన పిలవలేదు. పిలవకపోయినా నాకు అర్థమైంది. మందు నా ఫ్రిజ్‌లో ఉంది, తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో ఉంది.

పడవలో పదకొండుమందిమి. ఒకావిడ చంకలో పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ఇంటింటి దగ్గరా ఆగడం కుదరదని పడవాయన అప్పటికే ఎవరిమీదో కేకలేశాడు. వెనక్కి తిప్పమంటే అందరూ నావైపు తిరిగి చూస్తారు. అంతే. ప్రాణభయం కాదు, మొహమాటం. పదిమంది చూపులకి జంకి నోరు మెదపలేదు. ఇంకో పడవ ఎలాగూ వస్తుందిగా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆ సందులోకి ఇంకో పడవ మూడో రోజుకి గానీ వెళ్ళలేకపోయింది. సాయంత్రం చుట్టాలింట్లో మావారితో "అయ్యో, మాస్టారి మందు!" అని, అప్పుడే గుర్తొచ్చినట్టు అన్నాను. ఆయన తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశారు. నీళ్ళ ఉరవడికి ఎవరూ అటు వెళ్ళే వీలు లేకపోయింది. మాస్టార్ని తీసుకొచ్చేటప్పటికే స్పృహలో లేరు. మర్నాడు పోయారు. నీళ్ళు తీశాక వెళ్ళి చూస్తే మా తాళం వేసింది వేసినట్టే ఉంది. తలుపు మీద ఒక గీత కూడా లేదు. ఇల్లు ఆయనది, పోయేది ఆయన ప్రాణం. అయినా అద్దెకున్నవాళ్ళ తాళం పగలగొట్టడానికి ఆ మనిషికి చేతులు రాలేదు.

పెద్దకర్మ రోజు ఆయన కూతురి చేతులు పట్టుకుని, "సాయంత్రానికి గానీ గుర్తు రాలేదమ్మా" అన్నాను. "మీరేం చేస్తారు ఆంటీ, బాధపడకండి. మీ మీద నాకేం కోపం లేదు" అని ఆ పిల్ల నన్నే ఓదార్చింది. ఆ మాట చేపముల్లులా గొంతులో ఉండిపోయింది. తర్వాత మేం పటమటకి మారిపోయాం.

పద్దెనిమిదో భాగంలో అదంతా రాసేశాను. మాస్టారి బదులు మేడ మీద క్యాలెండర్లో సున్నాలు చుట్టుకునే ఒక పెద్దాయన, నా బదులు ముసుగు వీరుడు. పెద్దాయన మందు వీరుడి నడుంపట్టీ జేబులో ఉండిపోతుంది. అతను వేరే ఇంట్లోంచి తల్లినీ బిడ్డనీ ఎత్తుకుని ఎగిరిపోతాడు. "బ్యారేజీ మీదికి వచ్చేసరికి అతనికి గుర్తొచ్చింది. వెనక్కి తిరగలేదు" అని రాశాను. రెండు వాక్యాలు. వాటి దగ్గరికి రావడానికి నాకు పదిహేడు వారాలు పట్టింది.

ఆ ఆదివారం ఇడ్లీలు పొయ్యి మీదే ఉండిపోయాయి. నా ఫోను మోగుతూనే ఉంది. "ఇదేంటక్కా, మర్చిపోయాడంటే పోనీలే అనుకుంటాం. గుర్తొచ్చి కూడా తిరగలేదంటే ఎలా?" అని ఒకమ్మాయి. "హీరో అన్నవాడు అలా చెయ్యడండీ. చేస్తే వాణ్ణి హీరో అనకండి. నేనిక చదవనండీ" అని తెనాలి బ్యాంకు ఆఫీసరు గారు. గుడివాడ ఆవిడ, "ఇంట్లో ప్రార్థనలో ఆ పెద్దాయన కోసం కూడా ప్రార్థించానమ్మా. ఆమెన్ అన్నాక గుర్తొచ్చింది, ఆయన కథలోవాడు కదా అని. మావాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు" అని రాశారు. ఇంకొకరెవరో ఒకే ఒక్క మాట అడిగారు: "గాల్లో ఎగిరేవాడికి వెనక్కి తిరగడానికి ఏం కష్టం?"

ఆ ప్రశ్న మళ్ళీ మళ్ళీ చదివాను. మొదటి రోజు ఆ తిట్లన్నీ నన్నే తిడుతున్నట్టు చదువుకున్నాను. నిజం చెబుతున్నాను, హాయిగా ఉంది. తిట్టాల్సిన పిల్ల ఓదార్చి పంపింది, ఈ ముక్కూ మొహం తెలియనివాళ్ళయినా నాలుగు వడ్డిస్తున్నారు కదా అనిపించింది. రెండో రోజుకి ఒళ్ళు మండింది. "మీరు ఆ పడవలో ఉంటే తెలిసేది" అని ఒకరికి జవాబు టైపు చేసి చెరిపేశాను. నా కథలో పడవే లేదు. మూడో రోజుకి "రాసినావిడకే మనసు లేదు", "ఇలాంటి రాతలు పిల్లలు చదివితే ఏమవుతారు" దాకా వచ్చింది. చదివేవాళ్ళు సగానికి సగం తగ్గారు. మళ్ళీ అదే జంకు పట్టుకుంది.

బుధవారం ఆఫీసులో లంచ్ టైములో, పెరుగన్నం పక్కన పెట్టుకుని, ఆ రెండు వాక్యాలూ తీసేశాను. "సాయంత్రానికి గానీ అతనికి గుర్తు రాలేదు" అని పెట్టాను. క్యారియర్ కడుక్కుని వచ్చేసరికి హృదయం గుర్తులు వరసకట్టాయి. "ఇప్పుడు బాగుందండీ, మనిషన్నాక మరుపు సహజం" అంటూ బ్యాంకు ఆఫీసరు గారు తిరిగొచ్చారు. "పాపం వాడి తప్పేముంది" అని నిన్నటిదాకా శాపనార్థాలు పెట్టినావిడే రాసింది. ఒకబ్బాయి వీరుణ్ని ఓదారుస్తూ కవిత కూడా కట్టాడు. నామీద నాకే రోత పుట్టింది. అయినా మళ్ళీ మార్చలేదు.

గురువారం పొద్దున యాప్‌లో నాకొక్కదానికే ఒక మెసేజీ వచ్చింది.

"ఆంటీ, నేను మాస్టారి అమ్మాయిని. మొదటి భాగం నుంచీ బస్సులో చదువుతున్నాను. కామెంట్ ఎప్పుడూ పెట్టలేదు. క్యాలెండర్ మీద సున్నాలు చూసి మీరేనేమో అనుకున్నాను. నిన్న మీరు మార్చింది చూశాక ఖాయమైంది. నాతో కూడా అదే మాట అన్నారు. మొదట రాసిందే నిజం కదా?"

చాలా జవాబులు రాశాను. అత్తగారి గురించి, పడవాయన కేకల గురించి, పసిపిల్ల ఏడుపు గురించి. అన్నీ చెరిపేసి, "అవునమ్మా. ఇంటికి రా, చెబుతాను" అని అడ్రసు పంపాను.

శనివారం మధ్యాహ్నం ఆ పిల్ల వచ్చింది. మావారు అత్తగారిని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. కాఫీ వద్దంది, మంచినీళ్ళు తాగింది. కూర్చుంటూనే, "నాన్న పిలిచారా?" అని అడిగింది.

పిట్టగోడ దగ్గరికి ఎలా వచ్చారో, చెయ్యి ఎలా ఎత్తారో, నోరు తెరిచి ఎలా మూసుకున్నారో చెప్పాను. నాకు అంతా అర్థమైందనీ, పడవలోవాళ్ళు ఏమనుకుంటారో అని ఊరుకున్నాననీ చెప్పాను. ఆ పిల్ల నా మొహంలోకే చూస్తూ మొత్తం వింది.

"పిలవరు" అంది. "నేనోసారి ఛార్జర్ మర్చిపోయి బయల్దేరితే, గుమ్మంలోంచి కేకేస్తే వినపడేదే. పిలవలేదు. స్కూటర్ మీద బస్టాండు దాకా వచ్చి బస్సు కిటికీలోంచి ఇచ్చి వెళ్ళారు."

అది చెప్పి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కాసేపటికి చున్నీతో మొహం తుడుచుకుని, "ఇన్నాళ్ళూ నేనేమనుకున్నానో తెలుసా ఆంటీ? షుగర్ ఎక్కువై మతి తప్పిందేమో, మందు ఎక్కడుందో నాన్నకి తెలియలేదేమో అనుకున్నాను. అలా అనుకునే నిద్రపోయేదాన్ని. తెలుసన్నమాట. ఆ తాళం చూస్తూ కూర్చున్నారన్నమాట" అంది.

"నన్ను తిట్టమ్మా, నాలుగు తిట్టు" అన్నాను.

"తిట్టడానికి మీకు చాలామంది ఉన్నారుగా" అంది. గొంతులో వెటకారం లేదు. "ఆ వాక్యం మాత్రం మొదట ఎలా ఉందో అలా పెట్టెయ్యండి. వాళ్ళ కోసం మార్చకండి. అది మా నాన్నకి జరిగింది."

తన ఎదురుగానే మార్చాను. రెండుసార్లు తప్పుపడింది. ఇలా పెట్టానో లేదో అలా మొదలయ్యాయి కామెంట్లు. "మళ్ళీ ఏంటండీ ఇది?" "అక్కా, మాతో ఆడుకుంటున్నారా?" ఫోను బోర్లా పెట్టేశాను. ఆ పిల్ల లేచి బ్యాగు భుజాన వేసుకుంది. నేను వెనకే గుమ్మం దాకా వెళ్ళాను.

చెప్పులు వేసుకుంటూ, "పెద్దకర్మ రోజు మీ మీద కోపం లేదన్నాను, గుర్తుందా?" అని అడిగింది.

గుర్తుందన్నాను.

"అది సాయంత్రం గుర్తొచ్చినావిడతో అన్నాను ఆంటీ. మీతో నేనింకా ఏమీ అనలేదు."