సారుకు ఎడమ పక్కన

నాకు ఒక్కచోట కుదురుగా ఉండడం రాదు. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినా రెండు ఊళ్ళు దాటేసరికి లేచి నిలబడతాను. అలాంటి మనిషిని ఏరికోరి వయొలిన్ పనిలో పెట్టాడు దేవుడు. కుడికాలు ముందుకు పెట్టి, చీలమండ మీద వయొలిన్ తల ఆనించి, కచేరీ అయ్యేదాకా కదలకుండా కూర్చోవాలి. అదీ సొంతంగా వాయించడానికి కాదు, ఇంకొకరు పాడుతుంటే వెంట నడవడానికి.

మాది నల్లగొండలో మగ్గం నేసే ఇల్లు. బాపు నేసేవాడు, అమ్మ కండెలు చుట్టేది. నాకు వయొలిన్ నేర్పిన టీచరమ్మ ఒకరోజు నన్ను ఒక గాయకుడి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన్ను జిల్లా అంతా సారు అనే పిలుస్తుంది. తెలంగాణ వచ్చిన ఏడాది నుంచి కచేరీల్లో ఆయనకు ఎడమ పక్కన కూర్చోవడం నా పని అయింది. కుడి పక్కన మృదంగం. ఆ మృదంగం ఆయనది ఆత్మకూరు, బాపు ఈడువాడు. నేను కాకా అంటాను.

పక్కవాద్యానికి ఒక మర్యాద ఉంది. సారు రాగం పాడుతూ ఎక్కడ ఆపితే అక్కడ ఆ చివరి ముక్కను నేను అందుకోవాలి. నా వంతు వచ్చినప్పుడు ఆయన పాడినదానికంటే తక్కువే వాయించి, మళ్ళీ ఆయనకు అప్పగించాలి. ఇది ఎక్కడా రాసి ఉండదు, తప్పితే మాత్రం అందరికీ తెలిసిపోతుంది. సారు పాట అంటే నాకు ప్రాణం. కానీ నా వాయింపు సరిగ్గా వేడెక్కే సమయానికి ఆయన గొంతు సవరించుకునేవారు. అంటే ఇక చాలని. నా చెయ్యి అక్కడే ఆగిపోయేది, ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది. ఇంటికొచ్చి కారణం లేకుండా గిన్నెల మీద విసుక్కునేదాన్ని.

"నీకేమైందే? పేరొస్తాంది, మంచిగ తిరుగుతున్నవ్," అనేది అమ్మ.

"ఏం కాలే," అని కసిరేదాన్ని. నాకొక్కదానికే ఒక కచేరీ కావాలి. ఆ మాట పైకి అనడానికి నాకే సిగ్గుగా ఉండేది.

అది అడక్కుండానే వచ్చింది. మహబూబ్‌నగర్‌లో శ్రీరామనవమి పందిరి, సాయంత్రం కచేరీ. దేవరకొండ దాటేలోపే సారు గొంతు బొంగురుపోయింది. అక్కడికి చేరేసరికి మాట కూడా రాలేదు. జనం అప్పటికే చాపల మీద కూర్చున్నారు. కమిటీ పెద్దమనిషి తల పట్టుకుంటే సారే చేత్తో నన్ను చూపించారు.

"గీ అమ్మ ఒక్కతే వాయిస్తదా?" అన్నాడు కమిటీ ఆయన అనుమానంగా.

సారు తలూపి, వెళ్ళి ముందు వరుసలో కూర్చున్నారు.

నేను వేదికెక్కి ఎప్పటిలాగే కూర్చున్నాను, ఎడమ పక్కన. "నడిమికి జరుగు బిడ్డా," అని కాకా గొణిగితే గానీ నడుమ జాగా ఖాళీగా ఉందని నాకు తోచలేదు. జరిగాను. కల్యాణి రాగం మొదలుపెట్టాను. ఇన్నేళ్ళు కోరుకున్నది చేతికి వచ్చింది. ఒక ముక్క వాయించి ఆపాను. ఇంకో ముక్క వాయించి మళ్ళీ ఆపాను. మైకులో తంబుర పెట్టె మోత తప్ప ఏమీ లేదు. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తీగ తెగిందేమో అనుకున్నారట. ప్రతి ముక్క తర్వాతా సారు పాడడానికి చోటు విడిచిపెడుతున్నానని కాసేపటికి గానీ నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా తీగల మీద కమాను కదలలేదు.

కాకా నా వైపు వంగాడు. "ఎవలి కోసం సూస్తున్నవ్? ఇయ్యాల ఎవలు రారు. పో."

సిగ్గుతో మొహం మండింది, దాని వెనకే కోపం వచ్చింది. ఆ కోపంతోనే వాయించాను. తప్పులు దొర్లితే దొర్లాయి, ఆగలేదు. నన్ను ఆపమని ఎవరూ గొంతు సవరించుకోలేదు. ముందు వరుసలో సారు కళ్ళు మూసుకుని తాళం వేస్తున్నారు. ఆఖర్న చప్పట్లు ఎంతసేపు కొట్టారో నాకు గుర్తులేదు. లేచి ఎటైనా పరుగెత్తాలనిపించింది.

తర్వాతి కచేరీ హైదరాబాద్‌లో. సారు గొంతు బాగైంది, నేను మళ్ళీ ఎడమ పక్కకు వచ్చాను. ఆయన రాగం ఎంతో అందంగా పాడి నాకు వదిలారు. నేను అందుకున్నాను. కాసేపటికి ఆయన గొంతు సవరించుకోవడం విన్నాను. ఆపాలనే అనుకున్నాను. చెయ్యి ఆగలేదు. ఆయన పాడినదానికంటే ఎక్కువే వాయించాను. హాలంతా భేష్ అంది. కాకా మాత్రం తల దించుకున్నాడు.

తిరుగు దారిలో నార్కట్‌పల్లి దగ్గర చాయ్ కోసం కారు ఆపారు. సారు సగం తాగిన గ్లాసు పక్కన పెట్టారు.

"ఇగ నువ్వు ఒక్కదానివే వాయించుకో అమ్మా. నా పక్కన నీకు జాగ సాలుతలేదు."

అది కోపమో దీవెనో నాకు ఇప్పటికీ తెలియదు. తప్పయిందని అందామనుకున్నాను గానీ, నోరు రాలేదు. తప్పు చేసినట్టు నాకు అనిపించలేదు మరి. వయొలిన్ పెట్టె తీసుకుని నల్లగొండ బస్సెక్కి దారంతా ఏడ్చాను.

నెలలు గడిచినా ఎవరూ ఫోన్ చేయలేదు. సారు పక్కన ఇంకెవరో వాయిస్తున్నారని విన్నాను. నేను ఇంట్లో వాకిట్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి వాకిట్లోకి తిరుగుతూ ఉంటే, "ఊకె గట్ల తిరుగుడెందుకు, వచ్చి మగ్గం మీద కూసోరాదూ," అన్నాడు బాపు, నవ్వుతూనే. ఆ నవ్వుకు ఒళ్ళు మండింది. మహబూబ్‌నగర్ కమిటీ ఆయనకు నేనే ఫోన్ చేసి, ఈసారి నాకొక్కదానికే కచేరీ పెట్టమన్నాను. సరేనన్నాడు. వెంటనే కాకాకు చేశాను.

"కాకా, నా కచేరీ ఉంది. వస్తవా?"

"ఎందుకు రాను? శ్రుతి ఎంతనో చెప్పు. దాన్నిబట్టి మృదంగం తెస్త."

కచేరీకి శ్రుతి ఎంతో చెప్పవలసింది నడుమ కూర్చునేవాళ్ళు. ఇన్నేళ్ళూ సారే చెప్పేవారు. నా తీగలు ఆయన గొంతుకు సరిపోయేలా బిగించి ఉండేవి, ఇంట్లో ఒక్కదాన్నే సాధన చేసుకున్నప్పుడు కూడా. నా శ్రుతి ఏదో నేనెన్నడూ చూసుకోలేదు.

"సారుదేనా బిడ్డా?" అన్నాడు కాకా.

"కాదు కాకా. జర ఆగు, చూసి చెప్త."

ఫోన్ పక్కన పెట్టి, పెట్టె తెరిచి, నాలుగు తీగలూ వదులు చేశాను.