మీ చేనులో పడిన వాన దీనికి తెలియదు

మేడం పోయారన్న ఫోను వచ్చేటప్పటికి నేను ఆఫీసులో ఆ పొద్దుటి వాన లెక్క కంప్యూటర్లో ఎక్కిస్తున్నాను. మా పరిశోధనా కేంద్రం వానమాపకంలో చుక్క లేదు. సున్నా కొట్టి ఫోనెత్తితే ఆమె చెల్లెలి గొంతు.

"అక్క పోయిందప్పా. రాత్రి నిద్రలోనే పోయినట్టుండాది."

వస్తాండానమ్మా అన్నాను. ఫోను పెట్టేసి, ఆ సున్నాను అలాగే సేవ్ చేసి లేచాను.

ఆమె మెట్టనేలల మీద పనిచేసిన సర్కారు శాస్త్రవేత్త. నేను ఆమె దగ్గర ప్రోగ్రామర్‌ని. తొంభైల చివర్లో మేమిద్దరం కలిసి ఒక ప్రోగ్రాం రాశాం. ఎంత వాన పడిందో, నేల ఏ రకమో చెబితే, వేరుశనగ విత్తడానికి నేలలో తడి, అంటే పదును, సరిపోతుందో లేదో చెబుతుంది. అంతకు మించి గొప్పేమీ లేదు. కానీ దాన్ని ఏ మాటలతో, ఏ షరతులతో బయటికి పంపాలన్న దాని మీదే ఆమె ఉద్యోగంలో మిగిలిన కాలమంతా పోయింది.

మొదటి ఏడాది ప్రోగ్రాం చెప్పిన ఫలితాలను అచ్చు తీసి మండలాఫీసుల గోడలకు అంటించాం. కొన్నాళ్లకు విడపనకల్లు వైపు నుంచి ఒక రైతు ఆ కాగితాన్ని గోడ మీంచి పీక్కుని నేరుగా మా గదిలోకి వచ్చాడు. మండల కేంద్రంలో వాన బాగా పడింది కాబట్టి విత్తుకోవచ్చని మా కాగితం చెప్పింది. ఆయన చేను ఊరికి దూరం. అక్కడ పడింది అంతంతమాత్రం.

"ఇత్తాలా వద్దా అని నేను కిందామీదా పడతాంటి. మీ కాగితం జూసి ఇత్తినా. మొలకంతా మాడిపాయె. మీదేం పోయిందమ్మా? ఇత్తనం నాది పాయె," అన్నాడు.

పక్క సీటు సైంటిస్టు అడ్డొచ్చాడు. "అడుగున ఇంగ్లీషులో రాసుండాది గదన్నా, మాది పూచీ కాదని."

రైతు కాగితం అడుగున చీమల బారులా ఉన్న అక్షరాలను చూశాడు. మేడం ఆయన్ని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, తప్పు మాదేనని రెండు చేతులూ జోడించి చెప్పారు. ఆయన వెళ్లిపోయాక మా వైపు తిరిగారు.

"అది ఆయన కోసం రాసింది కాదప్పా. మన కోసం రాసుకున్నది."

ఆ రోజు నుంచి ఆమెకు అదే ధ్యాస. అనంతపురంలో ఇంటర్నెట్ సెంటర్లు కొత్తగా తెరుస్తున్న రోజులు. అక్కడికెళ్లి, దేశదేశాల వాళ్లు తమ ప్రోగ్రాముల కోడ్ మొదట్లో షరతులుగా ఏమేం రాసుకుంటారో అచ్చు తీయించుకుని వచ్చేవారు. క్యాంటీన్లో ఉగ్గాని తింటూ నా చేత ఒక్కొక్క వాక్యం చదివించి "అంటే?" అనేవారు. తెలుగులో చెప్పలేక నేను నీళ్లు నమిలితే ఆ వాక్యాన్ని కొట్టేయడమే. ఆ కాగితాల్లో బాధ్యత లేదని చెప్పే చోటల్లా ఇంగ్లీషు పెద్దక్షరాలే. ఒకసారి కళ్లద్దాలు పైకి నెట్టుకుని వాటిని చూసి, "ఎందుకప్పా ఇట్ల అరుస్తాండారు వీళ్లు? తప్పు చేసినోళ్ల మాదిరి," అని నవ్వారు.

చివరికి తనే మూడు వాక్యాలు రాశారు. 'ఈ లెక్క వానమాపకం ఉన్నచోట పడిన వానను బట్టి చెప్పినది. మీ చేనులో పడిన వాన దీనికి తెలియదు. విత్తే ముందు మీ నేలను మీరే తవ్వి చూసుకోండి.' ప్రోగ్రాం ఫలితం చూపించే ప్రతిసారీ పైన ఇవే రావాలని, అదీ ఫలితం సైజు అక్షరాల్లోనే రావాలని నా వెనకాల నిలబడి రాయించారు. నాకు తెలిసి మా ఆఫీసులో ఎవరూ అంత నిజాయితీగా ఏ కాగితమూ రాయలేదు.

తర్వాత, కోడ్‌ను ఎవరు ఎలా వాడుకోవచ్చో చెప్పే లైసెన్సు సంగతి వచ్చింది. బళ్లారి వైపు పనిచేసే ఒక శాస్త్రవేత్త మా కోడ్ ఇస్తే తమ జొన్నకు తగినట్టు మార్చుకుంటామని అడిగాడు. మేడం పొంగిపోయారు. మేడం వాళ్లది సేద్యం ఇల్లు. "మా నాయన ఎవరికన్నా ఇత్తనమిస్తే యా చేనిదో చెప్పి ఇస్తాండె. తీసుకున్నోడు యాడ ఇత్తుకుంటాడో అడగడు. మనమూ అంతే. యాడిదో చెప్పి వాడుకోండి, మార్చుకోండి, ఇంకొకరికి ఇయ్యండి," అన్నారు. అలా చెప్పే పొట్టి లైసెన్సు ఒకటి ఎంచి, ఫైలు పై ఆఫీసుకు పంపారు.

ఎన్నాళ్లకో జవాబొచ్చింది. ఉద్యోగంలో ఉండి రాసిన కోడ్ సర్కారుదని, దాన్ని ఎవరికైనా ఇచ్చే అధికారం మీకు లేదని. నాకు ఒళ్లు మండింది. ఆమె మాత్రం నింపాదిగా, "వాళ్లు చెప్పేదాంట్లో అబద్ధం లేదు. మనది కాదు. సర్కారుదంటే మరి ఎవరిదప్పా? ఆ విడపనకల్లాయనది కూడా కదా?" అని మళ్లీ ఫైలు కదిలించారు.

సీడీలో వేసి బళ్లారాయనకు చేతికిచ్చేద్దామన్నాను. ఎవరికి తెలుస్తుంది?

"దొంగతనంగా ఇస్తే వాళ్లూ దొంగతనంగానే వాడుకోవాల. అట్ల వద్దు. ధైర్యంగా ఇయ్యాల," అన్నారు.

ఫైలు తిరుగుతూనే ఉంది. బళ్లారాయన రెండుమూడుసార్లు గుర్తుచేసి, బదిలీ అయ్యి, అడగడం మానేశాడు. మేడం రిటైరయ్యారు. ఆ తర్వాత వచ్చింది అనుమతి. వచ్చినట్టూ కాదు, రానట్టూ కాదు. ఆమె రాసిన మూడు వాక్యాలనూ పై ఆఫీసు వాళ్లు తీసేశారు. వాటి స్థానంలో ఏ నష్టానికీ మాకు సంబంధం లేదని ఇంగ్లీషు పెద్దక్షరాల్లో పేరా పెట్టారు. లైసెన్సు ఉండాల్సిన చోట, ముందస్తు అనుమతి లేకుండా వాడరాదని రాశారు. అనుమతి ఎవరినడగాలో మాత్రం ఎక్కడా లేదు. అలాగే వెబ్‌సైట్లో పెట్టారు. ఇంతవరకు ఒక్కరూ దాన్ని తీసుకున్నట్టు నాకు తెలియదు.

బుక్కరాయసముద్రంలో ఆమె ఇంటికెళ్లి ఆ పేజీ చూపించింది నేనే. రిటైరయ్యాక కూడా పెరట్లో సొంత వానమాపకం పెట్టుకుని, పొద్దున ఎనిమిదిన్నరకల్లా కొలిచేవారు. వాన పడితే నాకు ఫోను చేసి, "మీకాడ ఎంత?" అని అడిగేవారు. రెండు లెక్కలూ ఎన్నడూ కలిసేవి కావు. అప్పుడు ఆమె గొంతులో వినిపించే సంతోషం అంతా ఇంతా కాదు.

పేజీ చూసి, "మళ్లీ అరుస్తాండారే," అన్నారు. నవ్వబోయి ఆగిపోయారు. "బళ్లారాయనకు నువ్వు చెప్పిన పొద్దే ఇచ్చింటే ఏమైతాండె? ఈపాటికి వాళ్ల జొన్న చేలల్లో తిరుగుతాండె గదా. సరిగ్గా ఇయ్యాల, సరిగ్గా ఇయ్యాల అని అసలుకే ఇయ్యలేకపోతి," అన్నారు. ఆమె పంతం తప్పని నేను అనుకోను. అయినా ఆమె అన్న మాటా నిజమే.

మొన్న నేను వెళ్లేసరికి ఇంటినిండా జనం. పెరట్లోకి పోయాను. నేలంతా తడిగా ఉంది. వానమాపకం మూత తీసి చూస్తే సీసాలో నీళ్లు. వెనకే ఆమె చెల్లెలు వచ్చి నిలబడింది.

"రాత్రి జోరుగా పడెప్పా. పొద్దున్నే లేసి కొలుచుకుంటాదిలే అనుకుంటిమి."

కొలిచే గాజు గొట్టం ఎప్పటిలాగే కిటికీలో బోర్లించి ఉంది. సీసాలోని నీళ్లు అందులోకి వంచి కంటికి ఎత్తుకున్నాను. పదును వానే. ఆఫీసులో ఆ పొద్దుకు నేను కొట్టి వచ్చింది సున్నా. 'మీకాడ ఎంత?' అని అడిగే మనిషి లోపల పడుకుని ఉంది.

కొలిచాక నీళ్లు పారబోయాలి. అది పద్ధతి, ఆమె నేర్పిందే. నాకు చేతులు రాలేదు. ఆ గొట్టాన్ని నీళ్లతో అలాగే కిటికీలో నిలబెట్టి లోపలికి వెళ్లాను.